పదిహేను నిమిషాల వంతు

కరీమాబాద్ సందుల ఎనిమిది సైకిళ్లు
స్టాండేసి నిలవడ్డయి.
ఎటూ పోవు. పాటే పోవాలె.

కాపీల వంతులు రాసిన నేను:
మనిషికి పదిహేను నిమిషాలు.
పంక్చర్ల అఫ్సర్ చైన్లకు నూనె పెట్టిండు.
ఆజంజాహి మిల్లుల సాంచెలు నడిపిన కొంరెల్లి తాత
పేరియ్యకుంటనే ఎక్కి కూసున్నడు.

సారలక్ష్మి రాగం మీదికి లేపింది.
గప్పుడే ఇంటర్ పోరని పిక్క పట్టేసింది,
మైకు గొంతు కుంగింది,
జనం ఆమెను ఇడిసి
కాళ్ల దిక్కు చూసిండ్రు.

పాట ఆపలే.
మైకు చేతులనే, కుచ్చిళ్లు దోపుకొని
ఆ పోరని సీటు మీదికి ఎక్కింది.
చరణం నడుమ ఆయాసం
స్పీకర్ల నిండ ఇనవడ్డది.
ఎవ్వలు నవ్వలే.

కాపీల ఆమె పేరు తెల్లారి రాసిన.
తాత ఎప్పుడు దిగిండో
ఎవ్వలకు యాదికి లేదు.
ఆ గడి ఖాళీ.