పదకొండు కిలోమీటర్లు

ఆడగుర్రాన్ని దాటించిన వారంలోనే
బండికి ఆర్డరిచ్చాను.
మానిటోబాలో ఏప్రిల్, మంచు పూర్తిగా కరగలేదు,
షోరూము గుమ్మం దాకా నా బూట్ల బురద.
టెరెన్స్ కోవల్‌చుక్ కాగితం నావైపు తిప్పాడు.
రంగు? ముదురాకుపచ్చ.
సీట్లు? గుడ్డవి చాలు.
గుర్రాలకు లాడాలు కొట్టేదాన్ని,
రోజంతా తోలు వాసనలోనే ఉంటాను.
వెనక పెట్టె మాత్రం పొడుగుది కావాలి,
కొలిమీ దాగలీ పట్టేంత.
"శీతాకాలం లోపు" అన్నాడు.
ఏ శీతాకాలమో నేనడగలేదు.

ఇంటికొచ్చేసరికి చెల్లెలి కొడుకు రెమీ
దానికి పేరు పెట్టేశాడు.
ఆలూ లేదు, చూలూ లేదు.
కాదు, చూలుంది. అది గుర్రానికి.

జులైలో ఒక నంబరొచ్చింది,
అక్షరాలూ అంకెలూ కలిపి పదిహేడు.
కొట్టం తలుపు మీద సుద్దతో రాసి
గిట్ట ఒళ్లో పెట్టుకుని, నోట్లో మేకులు పట్టుకుని
లోపల్లోపల వల్లె వేశాను.
తమ్ముడి ఫోను నంబరు
నాకిప్పటికీ రాదు.

పాత బండి అంతా వింటూనే ఉంది.
తలుపు తాడుతో కట్టాను.
కాళ్ల కింద రేకు తుప్పుపట్టి అరచేతంత కన్నం,
అందులోంచి పరిగెత్తే రోడ్డు చూసుకుంటూ
ఊరూరా తిరుగుతాను.
"ఇంకొన్నాళ్లే" అంటాను దానితో.
అది ఓదార్పో బెదిరింపో
మా ఇద్దరికీ తెలీదు.

సెప్టెంబరులో టెరెన్స్ గొంతు తగ్గించాడు.
"తయారైంది జోసెట్. కానీ రాదు."
గోరంత ముక్కేదో సముద్రం దాటి రావాలట.
అది లేక, ఫ్యాక్టరీ పక్క మైదానంలో
వేల బండ్లు, బేరం కుదిరీ
తోలుకెళ్లేవాడు రాని సంత పశువుల్లా
ఒకే వైపు మొహాలు పెట్టి నిలబడ్డాయట.
ఆ రాత్రి మా దగ్గర వడగళ్లు.
అక్కడా పడుతున్నాయేమో అని
నేనెప్పుడూ చూడని ఒక పైకప్పు కోసం
తెల్లవార్లూ మేలుకున్నాను.

హెడ్విగ్ ఫ్రీసెన్ స్లెడ్జి గుర్రాలకి
ఆరు వారాలకోసారి లాడాలు మార్చాలి.
వెళ్లినప్పుడల్లా "వచ్చిందా?" అంటుంది.
లేదంటే, గుర్రం మెడ మీద చెయ్యేసి
ఇంకేం మాట్లాడదు.
ఆ చెయ్యి చూస్తే ఒళ్లు మండుతుంది నాకు.

డిసెంబరు. జనవరి. మైనస్ ముప్ఫై ఎనిమిది.
పాత బండి ఒక్క పొద్దు కూడా ఎగ్గొట్టలేదు.
చెడిపోయినా బాగుండేది,
ఎవర్నో ఒకర్ని తిట్టుకునేదాన్ని.

మార్చిలో గుర్రం ఈనింది.
పదకొండు నెలల నాలుగు రోజులు.
కాగితం లేదు, నంబరు లేదు,
ముక్కేదీ తక్కువ కాలేదు.
తడితడిగా, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారుతూ
లేచి నిలబడి తల్లి పొదుగు వెతుక్కుంటుంటే
రెమీ బండికి పెట్టిన పేరు తీసి
పిల్లకి పెట్టాడు.
నేను అడ్డు చెప్పలేదు.

మే నెల చివర్లో వచ్చింది.
ఆకుపచ్చే. నేననుకున్న ఆకు కాదు,
వేరే ఏదో చెట్టుది.
తలుపు ఏ తాడూ అడక్కుండా
మెత్తగా మూసుకుంది.

మీటరు మీద పదకొండు కిలోమీటర్లు.
ఎవరు నడిపారు?
మైదానంలోకి, మైదానంలోంచి రైలు దాకా,
వానలో ఒక వరస నుంచి ఇంకో వరసకి,
జేబులో రొట్టెముక్కతో,
ఇంటికెళ్లే టైము చూసుకుంటూ ఎవరో.
సీటు బాగా వెనక్కుంది. నాకంటే పొడుగు మనిషి.
అద్దం కూడా ఆ ఎత్తుకే తిప్పి ఉంది.
అందులో నా మొహం లేదు.
తాళాలిచ్చేసి ప్రహరీ పక్కన వదిలిన
పాత బండి ఉంది,
దాని తాడు గాలికి కొద్దికొద్దిగా ఊగుతోంది.

మీట ఎక్కడుందో టెరెన్స్ చూపించే వెళ్లాడు.
అయినా సీటు ముందుకు జరుపుకోడానికి
నాకు చాలాసేపు పట్టింది.