ఏడ్చినవా?

దేవరకొండ బస్సు, పొద్దుగాల మొదటి ట్రిప్పు.
మిషను భుజానికేసుకొని ఎక్కంగనే
ముందు సీటుల ముసలవ్వ మొకంలకు చూసి అడుగుతది:
ఏం బిడ్డా, ఏడ్చినవా?

ఏడ్వలేదవ్వా, నా రెప్పలే గట్ల.
ముప్పై ఐదేండ్లకే జారినయి,
వానకు నానిన అట్టముక్కల లెక్క కండ్ల మీద ఒరిగినయి.
కింద రెండు సంచులు.
చిల్లరేసుకునే తోలుసంచి చాలదని
మొకానికి గూడ కుట్టిచ్చినట్టు.

ఇరవై రెండేండ్ల సర్వీసు.
కనగల్లు కాడొకరు, గుర్రంపోడు కాడొకరు.
నిద్ర లేదా, జరమొచ్చిందా, ఇంట్ల లొల్లా?
టికెటు చింపినట్టే
జవాబు గూడ చింపి చేతుల పెట్టిన.

చిట్టి ఎత్తిన నెల
నల్లగొండ గడియారం సెంటరు దాటి
మేడ మీది దవాఖాన మెట్లెక్కిన.
నఫీసా డాక్టరమ్మ సన్నపెన్నుతోని రెప్ప మీద గీత గీసింది,
హద్దురాళ్లు పాతే ముందు సర్వేయరు గీసినట్టు.
ఏదీ దాచలే.

కోసేటప్పుడు మెలకువ ఉంటది, నొప్పి ఉండది,
మత్తుసూది మాత్రం సుర్రుమంటది.
కింది సంచుల కొవ్వు లోపటికెల్లే తీస్త, బయట కుట్టు పడది.
రెండోనాడు అద్దం చూడకు, చూస్తే నన్నే తిడతవు.
కన్ను బత్తాయి తొనంత ఉబ్బుతది,
మొదలు అల్లనేరేడు రంగు, పోంగ పోంగ పసుపు.
తలకింద రెండు మెత్తలు. వంగొద్దు. బిందె లేపొద్దు.
ఆరోనాడు కుట్లిప్పుత.
కొన్నొద్దులు రెప్ప నిండ మూతపడది, ఇసుక పడ్డట్టు గరగర.
నీళ్లు ఊకెనే కారుతయి, అది ఏడుపు కాదు.
రెండు కండ్లు ఒక్క తీరు రావు.
ఇంతకు ముందు గూడ లేకుండె, నువ్వు చూసుకోలే.
వయసు తగ్గది.
అలుపు కనబడది, అంతే.
అలుపు పోతదని నేను చెప్పలే.

ఆర్టీసీ దవాఖాన పైస ఇయ్యలే.
చూపు కోసం కాదు, సోకు కోసం, అని రాసిండ్రు.
నా పేరు పక్కపొంటి సోకు అన్న మాట
సర్కారు కాయితం మీద! రెండుసార్లు చదువుకున్న.

పక్కింటి ఎల్లమ్మత్త తలుపుల నిలబడి,
గీ వయసుల ఎవలికి చూపెట్టనే, అన్నది.
గడ్డకట్టిన పాలపాకెట్టు దస్తీల చుట్టి
కండ్ల మీద పెట్టుకొని పన్న.
జవాబియ్యలే. నవ్వితే కుట్లు గుంజుతున్నయి.

మూడు వారాలకు డ్యూటీ ఎక్కిన.
లీవు నీకు కలిసొచ్చింది, అన్నడు డ్రైవరు జంగయ్య.
అంతకు మించి ఎవలికీ తెల్వలే.
జీరో టికెట్లు కొట్టుకుంట, కొట్టుకుంట
కొండమల్లేపల్లి దాకా వోతే
ఒక్కలంటే ఒక్కలు అడగలే.
రెక్కలొచ్చినట్టయింది.

దేవరకొండల నైటవుటు. రెస్టురూముల రెండు మంచాలు,
ఒకటి నాది, ఇంకోటి మంగ్లీబాయిది.
తెల్లారి చాయ తాగుకుంట అన్నది:
నిద్రల నీ రెప్ప మీద గీత కనబడ్డదే,
దారప్పోగంత. బాగుంది, నవ్వినట్టుంది.
ఏదీ, అని అద్దం కాడికి ఉరికిన.
కన్ను తెరిస్తే మడతల దాక్కుంటది,
మూస్తే నాకు చీకటి.
పిచ్చిదానా, అది నీకు కనబడేది కాదు, అని
చాయ పొలమారేదాక నవ్వింది.

ఆషాఢంల మంగ్లీబాయి సచ్చిపోయింది.
చాతిల నొప్పని ఆటో ఎక్కిందట, దిగలేదట.
రాత్రంత ఏడ్చిన. డ్యూటీ మార్చుకుందమంటే మనిషి దొరకలే.
పొద్దుగాల అదే బస్సు, అదే ముందు సీటు.
ముసలవ్వ నా మొకంలకు చూసింది,
చూసి మురిసింది:
ఏందే బిడ్డా, కళకళలాడుతున్నవ్, ఇంట్ల శుభమా?
ఔనవ్వా, అన్న.
జీరో టికెటు కొట్టి చేతికిచ్చిన.

డాక్టరమ్మ అబద్ధం చెప్పలే.
చెప్పినయన్నీ చెప్పినట్టే అయినయి.

ఇప్పుడా రెండో మంచం మీద కొత్త పిల్ల పంటది.
మంచి పిల్లనే.
అటు మర్రి ఫోను చూస్కుంటది.