ఏడో రాయి కాడ సీసా

పొద్దంతా నేను చెప్పే మాట ఒక్కటే:
లీటరు నీళ్లు, ఒక ప్యాకెట్టు,
కాచి చల్లార్చి, చెంచాతోని, కొంచెం కొంచెం.
బల్మూరు సబ్‌సెంటర్ల పదకొండేండ్ల సంది
పసిపిల్లల కడుపు మీది తోలు గిల్లి చూస్తున్న,
ఇడిసినంక ఎంతసేపటికి సాపయితదో
లోలోపల లెక్కపెడుతున్న.

నా తోలు నేనెన్నడు గిల్లుకోలే.

మార్చిల ఒక ఆదివారం, లింగాల రోడ్డు,
ఇరవై మూడో కిలోమీటరు.
పిక్కల లోపల ఎలుక తిరిగినట్టయింది.
తారు మీదనే కూలబడ్డ.
పెదవి అంచు నాకి చూస్తే
మామిడికాయ తొక్కు జాడీ అంచు.
బండి మీద పోయెటోడు ఆగి అడిగిండు:
"ఏమైందక్కా, ఎవరన్న తరుముతున్నరా?"

అప్పటి సంది శనివారం రాత్రుళ్లు
స్కూటీ మీద పోయి సీసాలు దాస్తున్న.
నాలుగో రాయి ఎనక ఒకటి,
ఏడో రాయి కాడ తంగేడు పొదల ఒకటి,
పదకొండు కాడ కల్వర్టు తూముల.
ఇంత ఉప్పు, ఇంత చక్కెర, సగం నిమ్మకాయ.
దొంగసొమ్ము దాసినట్టు అటిటు చూసుకుంట.

దూపయినంక తాగితే ఆలిశమైనట్టే.
బుద్ధికి తెలుసు. ఒళ్లే వినదు.
బోరింగు కాడ బిందెల వరుసల నిలబడి
దూప ఆపుకునుడే గదా నేర్చుకున్నది,
బడిల ఆడపిల్లలకు పోయే జాగ లేక
పొద్దుమూకేదాక గుక్క ముట్టకుండ ఉండుడే గదా
మాకు వచ్చిన మొదటి విద్య.
ముప్పై ఎనిమిదేండ్లకు
దూప కాకముందే గుటకేసుడు
అ ఆ ల కాడి నుంచి దిద్దుకుంటున్న.

జూన్ల ఏడో రాయి కాడ సీసా ఖాళీ.
మూత బిగించి, నిటారుగ నిలబెట్టి ఉన్నది.
తిట్టుకుంట ఉరికిన కల్వర్టు దాక.
నోరెండినోళ్లకు తిట్లు గూడ బరువే.
మల్ల వారం అంతే.
ఆ పై వారం రెండు పెట్టిన.
ఒకటి నాది, ఒకటి నీదని రాద్దామనుకున్న,
ఎవరికని రాయాలె?
తెల్లారి చూస్తే ఒకటి ఖాళీ, ఒకటి నిండుగ.
ఎవరో లెక్క తెలిసిన మనిషే.

మట్టిల గొర్ల డెక్కలు,
వాటి నడుమ టైరు చెప్పుల అచ్చు.
మనిషిని మాత్రం చూడలే, ఇప్పటికీ.
నేనొచ్చే యాళ్లకు మంద గుట్టెక్కుతది.

అక్టోబర్ల ఖాళీ సీసా పక్కన
మోదుగాకుల మీద మూడు సీతాఫలాలు,
కండ్లు ఇచ్చుకున్నయి.
ఒకటి అక్కడనే తిన్న, గింజలు ఊసుకుంట,
పరుగు సంగతే మరిచి.

ఒక శనివారం లింగాలల కాన్పు కేసు,
తెల్లారుగట్ల మూడింటికి బిడ్డ ఏడ్చింది.
సీసాలు దాసుడు కాలే.
అయినా ఉరికిన, మొండికి.
ఏడో రాయి కాడ నా పాత సీసానే,
నిండా గంజి.
మూత తీసి అనుమానంగ ఒక చుక్క.
ఉప్పు ఉన్నది.
నేను ఊరంతా చెప్పే లెక్క కన్న
చిటికెడు ఎక్కువే.
ఎండల చెమట ఎంత పోతదో
ఆ చేతికి నాకన్న తెలుసు.

హైదరాబాదుల పోటీ నాడు
రెండు కిలోమీటర్లకొక బల్ల, చప్పట్లు,
కాగితం గ్లాసులు కాళ్ల కింద పటపట.
సగం తాగి సగం ఇసిరి పోతున్నరు.
నేను ప్రతి బల్ల కాడ ఆగిన, రెండు గుటకలు,
గ్లాసు డబ్బల ఏసి కదిలిన.
టైం పోయింది. పోనీ.
ముప్పై ఐదు కాడ ఒకామె ఫుట్‌పాత్ మీద కూసుంటే
పక్కన కూసొని ఆమె ముంజేయి గిల్లి చూసిన,
తర్వాత నాది.

రేపు మల్ల ఆదివారం.
పోయినసారి టైరు చెప్పుల అచ్చు పక్కన
చిన్న పాదాల అచ్చు కనబడ్డది, చెప్పుల్లేకుండ.
ఈ రాత్రి ఏడో రాయి కాడ
మూడు సీసాలు.
మూడో దాంట్ల చక్కెర జరంత ఎక్కువ.