పదిహేను రోజుల తేడా

పర్లాకిమిడి బస్టాండు ఎదురుగా
ఆరడుగుల కొట్టు నాది.
నాన్న కూర్చున్నప్పుడు కీ ఇచ్చే గడియారాలు,
నా చేతికొచ్చాక ఫోన్లు.
భూతద్దం మాత్రం అదే.

సెరంగో కొండల్లోంచి తొలి బస్సు దిగి
తడిసిన గొడుగు గుమ్మానికి ఆనించి
జెమీమ నర్సమ్మ
ఎడంచేతి వాచీ విప్పి గాజుబల్ల మీద పెట్టింది.

"ఫోనేమో బుధారం టీకాలంటాది.
ఇదేమో ఇయాల పనేటీ లేదంటాది.
దేన్ని నమ్మీది బాబూ?"

నమ్మక, అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకుంటోందట.
చెమటకి సగం చెరిగిపోయి ఉన్నాయి అక్షరాలు.

పాత జత తెంపాను.
మళ్ళీ కలిపాను. ఊఁహూఁ.
రెండిటి టైమూ ఒక్కటే, క్షణం తేడా లేదు.
తేడా అంతా రోజుల్లోనే.
అనుమతుల జాబితాలోకి దిగితే
క్యాలెండరు తలుపు మూసుంది.
తీశాను. సగం తారీకులే దాటొచ్చాయి.
మిగతావి ఖాతాలో కాదు,
ఫోను సొంత అరలో రాసుకుంది ఆవిడ,
చీరల మడతలో డబ్బు దాచినట్టు.
ఆ అర వాచీ కంటికి ఆనదు.
పైగా ఛార్జింగు మిగల్చాలని ఫోను
వాచీతో మాట్లాడే యాప్‌ని
పొద్దుగూకితే చాలు, జోకొట్టి పడుకోబెట్టేస్తోంది.

"పక్కపక్కనే ఉండీ మాటల్లేవన్నమాట."

"మాటలున్నాయమ్మా.
కబుర్లే సగం సగం."

ఒక్కో తారీకూ అరలోంచి తీసి
ఖాతాలోకి మారుస్తూ
మెడ నొప్పికి తలెత్తితే ఎదురుగా గోడ.
గోడకి రెండు మేకులు.
ఒకదానికి మా పంచాంగం క్యాలెండరు,
రెండోదానికి పక్కింటి త్రినాథ పాఢి ఇచ్చిన ఒడియా పాంజి.
పున్నమి వెళ్ళి నాలుగు రోజులు.
నా మేకు మీద ఇంకా ఆశ్వయుజ బహుళం.
ఆయన మేకు మీద అప్పుడే కార్తీకం.
మా ఇంట్లో చేపల పులుసు,
గోడవతల ఒంటిపూట హవిష్యం.
చంద్రుడొక్కడే పాపం,
ఏ పేరుకి పలకాలో తెలీకుండా
మా రెండు డాబాల మీదా అరిగిపోతుంటాడు.
అమావాస్య దాటితేగానీ
ఇద్దరం ఒకే నెలలోకి కాపరం మారం.

తాతల నాటి నుంచీ దీన్నెవరూ బాగుచెయ్యలేదు.
తాలింపు వేసే ముందు
మా ఆవిడ అటువైపు కిటికీ మూస్తుంది.
అంతే.

పదకొండు దాటాక వాచీ ఒళ్ళు జలదరించింది.
వరసకట్టి దిగాయి తారీకులు:
టీకాలు, ఐరన్ మాత్రలు, బ్లాకు ఆఫీసులో మీటింగు,
చర్చి పాటల రిహార్సలు.
ఆవిడ వేలితో జరుపుకుంటూ వెళ్ళి
ఒకచోట ఆగింది.
"సుబాసిని. కాన్పు. వచ్చే నెల తొమ్మిది."

"ఇది తప్పు" అంది.

గుండె గతుక్కుమంది నాకు.
ఏ అర మరిచిపోయానా అని ఫోను అందుకోబోతుంటే
అరచెయ్యి తిప్పి చూపించింది.
చెరిగినవి చెరగ్గా మిగిలిన సిరా:
ఒకటి, చుక్క, ఎనిమిది.

"మొన్న రాత్రి వచ్చేసింది పిల్ల.
వాన్లో, జీపులోనే.
సుబ్బరంగా ఏడిసింది."

"అయితే తొమ్మిదో తారీకు తీసేయనా?"

చప్పున వాచీ లాక్కుంది.

"ఉండనీ బాబూ.
ఆ రోజుకి రెండు కేజీలు దాటాల అది.
నాకు గురుతు సెయ్యాల ఈ గడియారం."

నూట యాభై ఇచ్చింది. ముప్ఫై తిరిగిచ్చాను.
సెరంగో బస్సు హారను కొడుతుంటే
గొడుగు మరిచిపోయి పరిగెత్తింది.

గొడుగు ఇంకా గుమ్మంలోనే ఉంది.
నా ఫోనులో తొమ్మిదో తారీకు నొక్కి
ఏమి రాయాలో తోచక
రెండు కేజీలు అని రాశాను.