ఎదురు కరెంటు

ఐదు సెకన్లలో వందకెళ్తుందండీ అంది
భీమవరం షోరూములో అమ్మాయి. బ్యాడ్జి మీద మౌనిక.
మా ఆయన కళ్ళు అప్పుడే వందకి వెళ్ళిపోయాయి.

నేను దారి గుర్తు చేసుకున్నాను.
సీసలి వంతెన నుంచి మా చెరువు దాకా
ఐదు సెకన్లంత తిన్నని రోడ్డెక్కడుంది?
మలుపు, తూము, మళ్ళీ మలుపు,
సగం రోడ్డుకి ఆరబోసిన ధాన్యం,
ధాన్యం మీద మిగతా సగానికి కాళ్ళు చాపిన కుక్క.

నాలుగు చక్రాలూ లాగుతాయండీ అన్నప్పుడు మాత్రం
చెవి అటు పడేశాను.
కిందటేడు వాయుగుండం రాత్రి
పాత కారు ముందు చక్రాలు రెండూ
గట్టు బురదలో తిరిగిన చోటే తిరుగుతుంటే
వెనక రెండూ
పెళ్ళికొచ్చిన పెద్దల్లుళ్ళలా
కదలకుండా చూస్తూ ఉన్నాయి.
తోసిన మనిషికి కళ్ళు తప్ప అంతా ఒండ్రే.

ధర చెప్పింది.
రూపాయలు నాకు ఒక పట్టాన అర్థం కావు,
రొయ్యల్లోకి మార్చుకోవాలి.
నలభై కౌంటు ఎన్ని టన్నులు,
తెల్లమచ్చ రాకుండా ఎన్ని రాత్రులు,
ఎక్స్‌పోర్టు వాడు రేటు కొయ్యకుండా ఎన్ని పట్టుబడులు.
ఆషాఢంలో ఎవరన్నా బండి కొంటారా అంది అత్తగారు.
ఆషాఢం కాబట్టే తగ్గించారండీ అన్నాను.
ఎరుపు రంగు ఆయనిష్టం.
లోను కాగితం మీద సంతకం నాది.

మొదటిసారి ఎక్కినప్పుడు
ఆవిడ సీటు తట్టి చూసి, కాసేపు ఆగి
"స్టార్టు కాలేదేట్రా?" అంది.
అప్పటికి మేం ఉండి దాటిపోయాం.
"చప్పుడు లేకపోతే గేదెకెలా తెలుస్తుందిరా నువ్వొస్తున్నావని?"
దానికి కంపెనీ వాళ్ళ పుస్తకంలో జవాబు లేదు.
పిల్ల బిందుమాధవికి మాత్రం ఒకటే తెలియాలి,
వెనక సీటులో పూర్తిగా పడుకోవచ్చా లేదా.

భాద్రపదంలో, రాత్రి రెండింటికి
ఏసుబాబు ఫోను.
"అమ్మగారూ, కరెంటు పోయి గంటైందండి.
జనరేటరు దగ్గి దగ్గి ఊరుకుందండి.
అంచుకొచ్చేత్తన్నాయండి."

అంచుకి రావడమంటే
రొయ్యకి ఊపిరాడడం లేదని.
పిల్లని నిద్రలోనే ఎత్తి వెనక వేశాం.
స్పోర్టు మోడు తీసేసి బురద బొమ్మ నొక్కాడాయన.
గట్టు మీద బండి ఒకసారి పక్కకి ఒరిగింది,
నా గుండె చెరువులోకి జారింది,
అల్లుళ్ళు నలుగురూ ఒక్కసారి నడుం వంచారు.

వైరు తెచ్చి బండికి గుచ్చితే
పోటు మీద ఉప్పుటేరు వెనక్కి నడిచినట్టు
మా ఇంట్లో పగలంతా తాగిన కరెంటు
వెనక్కి నడిచింది.
పదహారు ఏరేటర్లలో
సింగిల్ ఫేజువి రెండే.
ఆ రెండూ తిరిగాయి.
ఆ మూల నీళ్ళు తెల్లగా లేచాయి.
టార్చి వేస్తే
చిన్న చిన్న ఎర్రటి కళ్ళన్నీ
అటే, అటే, అటే.

ఆయన స్టీరింగు వదల్లేదు.
నిలబెట్టిన బండిని
తెల్లార్లూ తోలుతూనే ఉన్నాడు.
పిల్ల అటునుంచి ఇటు తిరిగి పడుకుంది. పట్టింది, పూర్తిగా.
నేను తెర మీద అంకెలు చూస్తూ కూర్చున్నాను.
డెబ్బై ఒకటి. అరవై ఎనిమిది.
అరవై నాలుగు దగ్గర దూరంగా ఎక్కడో మైకులో సుప్రభాతం,
అంటే అక్కడ కరెంటొచ్చిందన్నమాట.
మాకు ఇంకా రాలేదు.

అన్నీ బతికాయని చెప్పను.
దక్షిణం గట్టు వెంబడి
పొద్దున్నే కొంగలు దిగాయి.
వాటి లెక్క నేనింకా వెయ్యలేదు.

ఏసుబాబు భుజం మీది తువ్వాలు తీసి
ఎర్ర తలుపు మీద బురద తుడుస్తూ
"ఎంతిత్తాదండి ఇది?" అన్నాడు.
నిండా చార్జి చేస్తే
నాలుగు వందల కిలోమీటర్ల పైనేనని
ఆయన హుషారుగా మొదలుపెట్టాడు.

"అది కాదండి,
ఇంకెన్ని గంటలు?"