హౌజు అడుగు మన్ను

చార్మినార్ గడియారం ఐదు సూపియ్యకముందే
చార్ కమాన్ల నడుమ నా చీపురు లేస్తది.
బంగారం దుకాండ్ల గడపల ముందు
నిన్నటి దుమ్ము కుప్పజేసి, తట్టకెత్తి,
ఇంటికాడ తొట్టిల కడుగుత.
మా అమ్మది గిదే పని. వాళ్ళమ్మది గిదే.
ఆకురాయి పండ్ల నుంచి, కంసాలి గోర్ల సందుల నుంచి
రాలిన రవ్వలన్ని కూడితే
మూడు దినాల మన్నుకు ఒక ఆవగింజ.
బియ్యం దాంతోనే. కరెంటు బిల్లు దాంతోనే.

నడుమ గుల్జార్ హౌజు.
ఆటోలు దాని సుట్టు గానుగెద్దుల్లెక్క తిరుగుతయి,
దాని దిక్కు మాత్రం జూడవు.
ఎన్కట ఇంకా పెద్దగుండెనట,
ఏనుగులు తొండాలు ముంచెనట.
సడక్ పెరిగినప్పుడల్లా అది తరిగిందని మా మామ అంటుండె.
నేనెరుగ.
నేనెరిగింది ఇనుప కంచె, పావురాల రెట్ట,
నాచు మీద తేలే గుట్కా పొట్లాలు,
యాడాదిల పది నెలలు నోరు మూస్కున్న పైపు.

ఎండాకాలం మొదట్ల ఒకనాడు
మున్సిపాలిటీ పెంటయ్య పంపు వట్టుకొచ్చి
నీళ్ళు తోడి అడుగు బయటేసిండు.
నల్లటి మన్ను. మురుగు వాసన.
ఆ మన్ను నాకియ్యవా అన్న.
కాయితం కావాలె అన్నడు.
చాయ్ దాపిన. కాయితం అక్కర్లేకపాయె.

మోతీల సేటు గల్లా కాడికెళ్ళి నవ్విండు:
"నాలుగు వందల యేండ్ల మన్ను!
రేపటి నుంచి నువ్వే దుకాణం వెడ్తవేమో!"
నవ్వితే నవ్వనీ.
జహంగీర్ బండి మీద పదకొండు తట్టలు
ఇంటికి తెచ్చిన. రాత్రి నిద్ర రాలె.

తొమ్మిది దినాలు కడిగిన.
పావురం ఈకలు. రెండ్రూపాల బిళ్ళలు.
లాడ్ బజార్ గాజుముక్క, ఇంక తళుకు పోలె.
ఏ తాళానిదో చెవి.
బంగారమంటరా,
ఆవగింజను సగం జేస్తే అంత.
చేతులు మాత్రం పాసి పుండ్లైనయి.

ఆఖరి తట్టల ఒక మొల దొరికింది.
నాలుగంచుల మొల, సుత్తెతోని కొట్టింది,
తల అరిగి పల్చగైంది.
గుర్రం నాడా మొల అన్నడు జహంగీర్.
యుద్ధం నుంచొచ్చిన గుర్రం
నీళ్ళు తాగుతాంటే డెక్కకెళ్ళి ఊడిందో,
పోయినేడు బరాత్ గుర్రందో,
ఎవరు జెప్పాలె?
రద్దీవాడు రెండు రూపాలిస్తనన్నడు. ఇయ్యలె.
బువ్వ కుండ ఎన్క గూట్ల వెట్టిన.
ఎందుకంటే చెప్పరాదు నాకు.

ఆ వారం మోటర్ ఏసిర్రు.
ముందుగాల పైపు దగ్గింది,
తుప్పు నీళ్ళు కక్కింది,
మళ్ళ దగ్గింది.
అప్పుడు తెల్లగ లేసింది నీళ్ళు, మనిషెత్తు కూడ లేదు.
ఒక పిలగాడు స్కూటర్ ఆపి మొకం కడుక్కున్నడు.
పెంటయ్య నా దిక్కు జూసి
తనే తవ్వినట్టు మీసం దువ్విండు.

తెల్లారి ఎప్పటిలెక్కనే ఊడ్సిన.
సేటు గడప, పక్క గడప, ఆ మూల దుకాండ్లు.
అయినంక ఇంకో బారెడు ముందుకు వోయి
హౌజు కంచె దాంక ఊడ్సిన.
రవ్వ రాలే జాగ కాదది.
"అక్కడేమున్నది నీకు?" అని
సేటు గడపల నిలవడి ఒర్రిండు.
నీళ్ళ సప్పుడైతాంది సేటూ,
ఇనస్తలేదన్న.