ఉప్పుగీత పడని రోజు

మహబూలాలో సెప్టెంబరు రెండో వారం.
మూడో అంతస్తు, పద్నాలుగు మంచాలు, ఒక్క కిటికీ.
కిటికీ దగ్గర నేను నిలబెట్టిన ముక్కాలి స్టాండు మీద
నల్లరంగు పూసిన రాగి బంతి,
పక్కనే తడిగుడ్డ చుట్టుకున్న థర్మామీటరు.
"దిష్టికా మేడమ్?" అన్నారెవరో. నవ్వులు.

నన్ను పనిలోకి తీసుకున్నది నా తెలుగు కోసం.
సాల్మియాలో పుట్టి
టీవీ దగ్గరా అమ్మ తిట్లలోనూ నేర్చుకున్న తెలుగు.
ప్రశ్నలన్నీ నేనే అనువదించాను:
"గత వారంలో మీరు ఉష్ణ ఒత్తిడికి గురయ్యారా?"
ఓదెలు నా వైపు చూశాడు,
అకామా చూపించమన్న పోలీసును చూసినట్టు.
"ఎండనా, ఉబ్బరనా? ఏదడుగుతున్నవ్ బిడ్డా?"

మా ప్రొఫెసర్ పేరు దలాల్.
అరబ్బీలో గారాబమని అర్థం.
ఆ పేరు చెప్పగానే మంచాలన్నీ మూగబోయాయి.
"నా దగ్గర లక్షా ఎనబై గుంజినోడు గూడ దలాలే"
పై మంచం మీంచి పోశెట్టి.
ఆమె తప్పేం లేదు. అయినా అరగంట పట్టింది
ఒక మాటలోంచి ఇంకో మాటను ఊడదీయడానికి.

చట్టం ఇలా ఉంటుంది:
జూన్ ఒకటి మొదలు ఆగస్టు ముప్పై ఒకటి దాకా
పగలు పదకొండుకీ నాలుక్కీ మధ్య
ఎండలో ఎవరిచేతా పని చేయించరాదు.
మంచి చట్టమే. ఊరికే రాలేదది.
కానీ సముద్రం మీంచి వచ్చే కౌస్ గాలికి
గడువు తేదీ ఎవరూ చెప్పినట్టు లేదు.
ఎండ మెత్తబడ్డాక, తీరిగ్గా వస్తుంది,
తడిసిన గొంగడి తెచ్చి
ఊరి ముక్కు మీద కప్పుతుంది.

ప్రశ్న పద్నాలుగు:
వేడి ఎంతుందో మీకెలా తెలుస్తుంది?
వార్తలు, ఫోను, సూపర్‌వైజరు, ఇతరములు.
ఓదెలు తీగ మీంచి రెండు చొక్కాలు లాగాడు.
ఒకటి జూలైలో చిరిగి పక్కన పడేసింది.
వీపంతా తెల్లటి వంకర గీతలు
పోటు వెనక్కి తీసినచోట ఇసుక మీద మిగిలినట్టు.
"గిది ఎండ. శెమట ఆరుతది, ఉప్పు మిగుల్తది.
మనిషి బతుకుతడు."
రెండోది నిన్నటిది. ఇంకా పచ్చిగానే ఉంది.
నున్నగా, ఒక్క గీత లేదు.
"గిది ఉబ్బర. శెమట ఆరనే ఆరది.
గీత పడని దినమే
మా రాజేశం పడ్డడు, సెంట్రింగ్ మీదికెళ్లి."

తడిగుడ్డ థర్మామీటరు ముప్పై రెండు చూపిస్తోంది.
అప్పుడు టైము రాత్రి తొమ్మిదిన్నర.
ఆ మాటే చెప్పడానికి మాకు
ఒక గ్రాంటు, రెండు అనుమతులు, తొమ్మిది నెలలు.
"ఇతరములు" గడి చాలలేదు.
కాగితం తిప్పి వెనకంతా రాశాను.

జనవరిలో సెమినారు. అందరూ కోట్లలో ఉన్నారు.
తెర మీద ఓదెలు ఇలా పడ్డాడు:
"చొక్కాపై లవణ అవశేషం, స్వయంగా తెలిపిన సూచిక,
మొత్తం రెండు వందల పన్నెండు మందిలో ఒకరు."
నమూనా చిన్నదన్నాడు మంత్రిత్వశాఖ అధికారి, మర్యాదగానే.
దలాల్ కాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత నా వైపు తిరిగి,
"ఆయన వాడిన మాటేంటి?" అంది.
ఉబ్బర.
ఆమె పలికింది, రెండు బాలనూ గట్టిగా నొక్కి.
అధికారి కుడినుంచి ఎడమకు రాసుకున్నాడు.
ఆ కాగితం ఏ ఫైల్లో నిద్రపోతోందో తెలీదు.
జూన్‌లో మళ్లీ అదే సర్క్యులర్, అవే తేదీలు.

మళ్లీ సెప్టెంబరు. మళ్లీ మూడో అంతస్తు.
ఓదెలు మంచం మీద ఇప్పుడు ఎవరో కొత్త కుర్రాడు.
ఓదెల్ని సులైబియా సైటుకు మార్చారట.
దిండు పక్క గోడ మీద పెన్సిలు గీతలు,
ఒక రోజుకు ఒకటి,
చొక్కా మీద ఉప్పు తేలిన రోజుకు మాత్రమే.
తేలని రోజుకు ఏమీ గీయలేదు, జాగా వదిలాడు.

మోకాళ్ల మీద కూచుని ఖాళీల్ని లెక్కపెడుతున్నాను.
ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకోటి మొదలవుతుందో
ఎంతకీ అందడం లేదు.
"మేడమ్, జర జరుగుండ్రి," అంటున్నాడు కుర్రాడు,
"మూడింటికి బస్సు."